ఊళ్లో ఆత్మహత్యలు ఆపడానికి పంచాయతీ ఏం చేయగలదు? ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగినవారు కొత్తగా ఎన్నికైన సర్పంచ్. మూడు వేల జనాభా ఉన్న ఊరు. ఒక్క ఏడాదిలో ముగ్గురు ప్రాణాలు తీసుకున్నారు: ఒక కౌలు రైతు, ఇంటర్ తప్పిన ఒక అబ్బాయి, పెళ్లయి రెండేళ్లయిన ఒక అమ్మాయి. అవగాహన ర్యాలీ తీయమని కొందరు, పాత గ్రంథాలయం గదిలో కౌన్సెలింగ్ సెంటర్ పెట్టమని కొందరు అంటున్నారట. "పంచాయతీ దగ్గర డబ్బు లేదు. మాలో డాక్టరు చదువు చదివినవాళ్లు లేరు. మేం చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్నది ప్రశ్న.

ఉంది. ర్యాలీ, సెంటర్ రెండూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఇదివరకు ప్రయత్నం చేసి బతికి బయటపడ్డవాళ్లు మీ ఊళ్లో ఎవరెవరున్నారో తెలుసుకుని, వాళ్ల ఇంటికి ఒక మనిషి క్రమం తప్పకుండా వెళ్లివచ్చేలా చూడండి. పని అక్కడ మొదలవుతుంది. ఆ తర్వాత వాళ్లను నలిపేస్తున్న కాగితాలు, బాకీలు, ఇంటి గొడవల్లో మీ చేతిలో ఉన్నవి కదిలించండి. మిగతావన్నీ దానికి తోడు.

నేను జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను, మందులు రాయను. రాసిన మందు ఆ మనిషి వేసుకుంటున్నాడా, మళ్లీ ఓపీకి వచ్చాడా, రాకపోతే ఎందుకు రాలేదు, ఇవి చూసుకోవడం నా ఉద్యోగం. అందుకే నా సమాధానం ఆస్పత్రి గడప దాటి బయటికొచ్చాక జరిగేదాని గురించే ఎక్కువగా ఉంటుంది.

బతికినవాళ్లతోనే ఎందుకు మొదలుపెట్టాలి? ఎందుకంటే ఊరందరిలోకీ ముప్పు ఎక్కువగా ఉన్నది వాళ్లకే. అయినా మన దగ్గర జరిగేది చూడండి. ఆస్పత్రిలో ప్రాణం నిలబెడతారు, డిశ్చార్జి చేస్తారు, ఇంటికొస్తారు. మొదటి రెండు రోజులు ఇంటినిండా చుట్టాలు. "ఎంత పని చేశావురా, పిల్లల మొహం చూడలేదా" అని తలా ఒక మాట అంటారు. మూడో రోజు నుంచి ఎవరూ రారు. ఆ మనిషి బయటికి రావడానికి సిగ్గుపడతాడు, ఊరు పలకరించడానికి మొహమాటపడుతుంది. మొదట్లో ఏ కష్టం ఉండేదో అది అలాగే ఉంది, పైన ఆస్పత్రి ఖర్చుల అప్పు కూడా చేరింది.

దీనిమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో ఒక అధ్యయనం చేయించింది. మన చెన్నై కూడా అందులో ఉంది. ఫలితాలు 2008లో వచ్చాయి. ప్రయత్నం చేసి ఆస్పత్రికి వచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు వైద్యం చేసి పంపారు. మిగతావాళ్లకు ఆ వైద్యంతోపాటు ఇంటికి వెళ్లేముందు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడారు, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఇంటికి వెళ్లో ఫోన్ చేసో పలకరించారు. అంతే. పెద్ద డాక్టర్లు అక్కర్లేదు, ఖరీదైన మందులు లేవు. 18 నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు, పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం. తర్వాత వేరేచోట్ల ఇదే పద్ధతి పెట్టి చూస్తే అన్నిచోట్లా ఇంత తేడా రాలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. అయినా ఒక ఊరు తన చేతులతో తాను చేసుకోగలిగిన వాటిలో ఇంతకంటే నమ్మకమైనది నాకు కనిపించలేదు.

ఆ తొమ్మిది పలకరింపులకు ఒక వరస ఉంది: 1, 2, 4, 7, 11 వారాలకు, ఆపైన 4, 6, 12, 18 నెలలకు. మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత దూరం దూరంగా. మీ ఆశా కార్యకర్తకు ఇది కొత్తేమీ కాదు. బాలింతను ఏ రోజున చూడాలో, టీబీ మనిషి మందు మింగాడో లేదో ఎప్పుడు అడగాలో ఆమెకు ఇప్పటికే అలవాటు.

ఎవరింటికి వెళ్లాలో ఎలా తెలుస్తుంది అంటారేమో. ఊళ్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. 108 ఎవరి వాకిట్లో ఆగిందో వీధికంతా తెలుసు. ఆర్‌ఎంపీకి ఇంకా బాగా తెలుసు. పేర్లు రాసుకోవడం కష్టం కాదు, రాసుకున్న పేర్లు బయటికి పొక్కకుండా చూడటం కష్టం. గ్రామసభలో చదవొద్దు, పంచాయతీ రిజిస్టర్‌లో ఎక్కించొద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. ఒక చిన్న నోటుబుక్కు, అది ఒక్కరి దగ్గర. ముగ్గురికి మించి ఈ పనిలో ఉండకూడదు. నేను సాధారణంగా ఆశాను, మహిళా సంఘాల లెక్కలు చూసే వీఓఏను, ఊళ్లో నోరు జారని ఒక టీచర్నో రిటైరైన ఉద్యోగినో పెట్టుకోమంటాను. సర్పంచ్‌గా మీరు ఆ ముగ్గురి వెనక ఉండండి. లిస్టు మీ దగ్గర ఉండకపోవడమే మంచిది. రేపు ఎన్నికలొస్తాయి, పార్టీలున్నాయి, ఆ మనిషి మీకు ఓటు వేయనివాడు కావచ్చు.

ఇక ఇంటికి వెళ్లి ఏం చేయాలి? నేను పక్కన కూర్చుని చూసిన ఒక ఆశా పనితీరు చెబుతాను. ఆమె లోపలికి వెళ్లి మంచం మీద కూర్చుని "ఎందుకలా చేశావు" అని అడగలేదు. "పెద్దనాన్నా, బీపీ చూస్తా, చెయ్యి ఇటివ్వు" అంది. పట్టీ చుట్టింది. గాలి కొడుతూనే "రాత్రి నిద్ర పట్టిందా?" అంది. ఆయన లేదన్నాడు. "ఎన్నింటికి మెలకువ వస్తోంది?" మూడింటికట. "మెలకువొచ్చాక ఏం చేస్తున్నావు?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడలేదు, బీపీ పట్టీ తీసి మెల్లగా చుట్టుకుంటూ కూర్చుంది. అప్పుడు ఆయనే మొదలుపెట్టాడు. కొన్ని వారాల తర్వాత వెళ్లినప్పుడు అటక మీద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు దించి ముందు పెట్టాడు. పాస్‌బుక్ జిరాక్సులు, బంగారం తాకట్టు రసీదు, పురుగుమందుల దుకాణం బాకీ రాసిన డైరీ కాగితం, బ్యాంకు నోటీసు. ఆ నోటీసు ఇంగ్లిషులో ఉంది. ఇల్లు వేలం వేస్తారేమోనని ఆయన భయం. తీరా చూస్తే అది రుణం రెన్యువల్ చేసుకోమని పంపిన కాగితం.

బతికినవాళ్లలో సగానికి సగం మంది దగ్గర ఇలాంటి కవరు ఒకటి ఉంటుందని నా అనుభవం. అందుకే మనసుకు ధైర్యం చెప్పడం ఒక్కటే సరిపోదు, కవరులో ఉన్న కాగితం కదలాలి అంటాను. తెలంగాణలో 2017లో వికారాబాద్ జిల్లా యంత్రాంగం, సుస్థిర వ్యవసాయ కేంద్రం లాంటి స్వచ్ఛంద సంస్థలు కలిసి కిసాన్ మిత్ర అనే హెల్ప్‌లైన్ మొదలుపెట్టాయి. కష్టంలో ఉన్న రైతు ఫోన్ చేస్తే మాట్లాడి వదిలేయరు, ఆ సమస్య ఏ ఆఫీసుదో చూసి అక్కడికి పంపి, పని అయ్యేదాకా వెంటపడతారు. భూమి రికార్డులు, పాస్‌బుక్కు, పంట రుణం, బీమా, ఇలాంటివే ఫోన్లలో ఎక్కువ. ఇదే పని మీ ఊరి కొలతలో మీరు చేయగలరు. తహసీల్దారు ఆఫీసులో ఒక రైతు పదిసార్లు తిరిగినా కాని పని సర్పంచ్ వెంట వెళితే ఒకసారికి అవుతుంది. అది అన్యాయమే, కానీ ఆ పలుకుబడి ఇక్కడ వాడుకోండి. కౌలు రైతు అయితే మరీను. ఆయన పేరు ఏ రికార్డులోనూ ఉండదు కాబట్టి రుణం రాదు, నష్టపరిహారం రాదు. ఆంధ్రప్రదేశ్‌లో కౌలుకు సాగు చేస్తున్నట్టు చూపే సాగు హక్కు కార్డు 2019 చట్టం కింద వస్తుంది. భూమి యజమాని సంతకం పెట్టడానికి భయపడతాడు. ఆయన్ను కూర్చోబెట్టి "ఈ కార్డుతో మీ భూమి మీద హక్కు పోదు" అని పదిమంది పెద్దల ముందు చెప్పగలిగేది మీరే.

అప్పుల వసూళ్ల గురించి రెండు సంగతులు ఊళ్లో అందరికీ తెలియాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీదారుకు ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులైతే 2022 నిబంధనల ప్రకారం అన్ని అప్పుల కిస్తులూ కలిపి ఇంటి నెలసరి ఆదాయంలో 50 శాతం మించకూడదు. ఆచరణలో ఇవన్నీ ఎంత జరుగుతున్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఏజెంటు వాకిట్లో నిలబడి అరుస్తున్నప్పుడు పంచాయతీ మనిషి ఒకరు వచ్చి "మీ ఐడీ కార్డు చూపించండి, ఏ కంపెనీ?" అని అడిగితే గొంతు తగ్గుతుంది. ఫోన్ యాప్ అప్పుల వాళ్లు ఫొటోలు మార్చి చుట్టాలకు పంపుతామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, పోలీసు ఫిర్యాదు ఇప్పించండి.

సూటిగా అడగాలి. ఇంటికి వెళ్లేవాళ్లకు నేను ముందు నేర్పేది ఇదే. "చచ్చిపోవాలని అనిపిస్తోందా, అన్నా?" అని అడగాలి. చుట్టూ తిప్పి అడిగితే చుట్టూ తిప్పే చెబుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అని చాలామందికి భయం. కాదు. దీనిమీద పరిశోధనలు చాలా జరిగాయి, అడగడం వల్ల ముప్పు పెరుగుతుందని తేలలేదు. పైగా ఇన్నాళ్లకు ఒక మనిషి అడిగిందని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లను నేను చూశాను. అవునంటే ఉపన్యాసం ఇవ్వొద్దు, పిల్లల పేరు చెప్పి ఒట్టు వేయించుకోవద్దు. ఎప్పటి నుంచి, ఎలా చేయాలని అనుకున్నారు, అందుకు కావలసింది దగ్గర పెట్టుకున్నారా అని అడగాలి. ఉంటే దాన్ని ఇంట్లోంచి తీసేయాలి. ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. అక్కడే టెలీ మానస్ 14416కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టండి. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన లైను ఇది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నంబరు రాసిచ్చి రావడం వేరు, పక్కన కూర్చుని కలపడం వేరు. రాసిచ్చిన నంబరుకు ఫోన్ చేసినవాళ్లు నాకు తెలిసి బహు తక్కువ. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా తమ గురించే ఇలా అనిపిస్తుంటే, నంబరు అదే, 14416. పక్కనున్న ఒక మనిషికి కూడా ఇప్పుడే చెప్పండి.

పదో తరగతి చదివిన ఆశాలతో ఇంత పని అవుతుందా అని మీ కార్యదర్శి అడగొచ్చు. పశ్చిమ గోదావరి జిల్లాలోనే చేసి చూశారు. ఆశాలకు ట్యాబులిచ్చి, దిగులు, ఆందోళన కనిపెట్టే ప్రశ్నలు నేర్పి, పీహెచ్‌సీ డాక్టర్లకు కూడా శిక్షణ ఇచ్చి, గిరిజన గ్రామాల్లో ఇల్లిల్లూ తిప్పారు. అవసరం ఉన్నవాళ్లలో వైద్యానికి వెళ్లినవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. మహారాష్ట్రలో అమరావతి జిల్లా ఊళ్లలో మామూలు కార్యకర్తలతో జరిగిన విశ్రామ్ అనే కార్యక్రమంలో, దిగులు జబ్బు ఉన్నవాళ్లలో సాయం అందినవాళ్లు 4.3 శాతం నుంచి 27.2 శాతానికి చేరారు. కాబట్టి అవుతుంది. అయితే ఆశా మెడకు ఇప్పటికే సవాలక్ష పనులు తగిలించాం. దీన్ని కూడా ఊరికే తగిలిస్తే నెల తిరక్కుండా మానేస్తుంది, అది ఆమె తప్పు కాదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి ఏటా 10,000 రూపాయల నిధి ఉండాలి. ఎక్కడ మురిగిపోతోందో చూడండి. ఆటో చార్జీలు, ఫోన్ ఖర్చు అందులోంచి ఇవ్వొచ్చు. ఇంకో సంగతి, ఇలాంటి ఇళ్లకు వెళ్లొచ్చిన ఆశాకు కూడా రాత్రి నిద్ర పట్టదు. నెలకోసారి ఆమెతో మాట్లాడే మనిషి పీహెచ్‌సీలో ఉండాలి.

పురుగుమందుల విషయంలో చాలా ఊళ్లు ఉత్సాహంగా తాళాల పెట్టెలు పంచుతామంటాయి. అక్కడ కాస్త ఆగండి. శ్రీలంకలో 180 ఊళ్లలో, రెండు లక్షల పైచిలుకు జనం మధ్య ఇదే పరీక్ష పెట్టారు. కొన్ని ఊళ్లలో ఇంటింటికీ తాళం పెట్టె ఇచ్చారు, కొన్నింట్లో ఇవ్వలేదు. 2017లో ఫలితం వచ్చింది: తేడా లేదు. తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు మరి. అదే శ్రీలంకలో అత్యంత ప్రమాదకరమైన మందులను ప్రభుత్వం ఒక్కొక్కటిగా 1980ల నుంచి నిషేధిస్తూ వస్తే, తర్వాతి దశాబ్దాల్లో దేశం మొత్తం ఆత్మహత్యల రేటు మూడింట రెండొంతులకు పైగా పడిపోయింది. పంట దిగుబడి పడిపోలేదు. నిషేధం మీ చేతిలో లేదు, కానీ తీర్మానం చేసి పైకి పంపడం మీ చేతిలో ఉంది. ఇంటి బయట, అందరికీ కలిపి ఒకచోట మందులు దాచే పద్ధతిని తమిళనాడులో ఆత్మహత్యల నివారణకు పనిచేసే స్నేహ సంస్థ స్థాపించిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం రెండు ఊళ్లలో పెట్టింది. రైతులు ఒప్పుకున్నారు, మరణాలు తగ్గాయి. చిన్న అధ్యయనమే, కానీ మీ ఊళ్లో సొసైటీ గోదాము ఖాళీగా ఉంటే ఆలోచించదగ్గది.

దానికంటే ముందు పురుగుమందుల దుకాణదారుతో ఒక గంట కూర్చోండి. ఎవరికి ఎంత బాకీ ఉందో, ఎవరు ఏ స్థితిలో ఉన్నారో ఊళ్లో అందరికంటే ఆయనకు ఎక్కువ తెలుసు, అరువిచ్చేది ఆయనే కాబట్టి. పొలం పని లేని కాలంలో, తాగి ఉన్నప్పుడు, ఏడుస్తూ వచ్చినప్పుడు, ఎన్నడూ రాని మనిషి వచ్చినప్పుడు "స్టాకు లేదు, రేపు రా" అనమని చెప్పండి. ఆ గడియ దాటితే చాలామంది మళ్లీ రారు. ఇది పుస్తకాల్లో ఉన్నదే, నేను దుకాణదారుల నోట విన్నదీ ఇదే.

ఆర్‌ఎంపీతో కూడా మాట్లాడాలి. ఎవరైనా పురుగుమందు తాగితే, పోలీసు కేసవుతుందని భయపడి ఇంటివాళ్లు మొదట ఆయన దగ్గరికే తీసుకెళతారు, రెండు గంటలు అక్కడే పోతాయి. వాంతి చేయించబోవద్దు, నోట్లో ఏదీ పోయొద్దు, 108కి ఫోన్ చేసి, డబ్బా లేబుల్ వెంట పట్టుకెళ్లాలి, అంతే. కేసు భయం గురించి గ్రామసభలో గట్టిగా చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, సంరక్షణ, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేదు. అధికారిని పని చేయనివ్వకుండా అడ్డుకోవడానికో, ఒక పని చేయించుకోవడానికో ప్రయత్నిస్తే మాత్రం 226వ సెక్షన్ ఉంది. ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తారు, పోలీసు వచ్చి అడుగుతాడు. అది పద్ధతి, జైలు కాదు.

పెళ్లయిన అమ్మాయి గురించి రాశారు కాబట్టి ఒక మాట. ఆత్మహత్య అనగానే ఊళ్లో అందరూ రైతు, అప్పు అంటారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో దేశంలో 1,70,924 మంది చనిపోతే, కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు (31.7 శాతం), తర్వాత అనారోగ్యం (18.4 శాతం). వృత్తుల్లో చూస్తే రోజుకూలీలు 26.4 శాతం. పోలీసు కాగితాల్లో రాసే కారణం ఎప్పుడూ ఒకటే ఉంటుంది, నిజానికి నాలుగైదు కలిసి ఉంటాయి, అది వేరే సంగతి. చెప్పొచ్చేదేమిటంటే, భర్త కొడుతున్నాడని పుట్టింటికి వచ్చిన పిల్లను పెద్దమనుషుల్లో పెట్టి "సర్దుకుపో తల్లీ, ఆడదానివి" అని మళ్లీ ఆ ఇంటికే పంపుతారు చూడండి, ఆ పంచాయితీలు మీ హయాంలో ఆగాలి. అలా పంపినవాళ్లలో తర్వాత మా ఆస్పత్రికి వచ్చినవాళ్లున్నారు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు, జిల్లాలో సఖి సెంటర్ ఉంటుంది, అక్కడ కొన్ని రోజులు ఉండటానికి చోటు, లాయరు సలహా, పోలీసు సాయం దొరుకుతాయి. మీరు ఒక్కసారి వెంట వెళ్లి చూసి రండి, తర్వాత ఎవరినైనా పంపాలంటే మీకే ధైర్యంగా ఉంటుంది.

బెల్టు షాపుల గురించి పొడిగించను, మీకు తెలియంది కాదు. మందు మత్తులో ఆ క్షణానికి చేసేసినవాళ్లు మా వార్డులో ఎప్పుడూ ఉంటారు. మూయించగలిగితే మూయించండి. రాజకీయంగా కష్టమైతే రాత్రివేళ అమ్మకమైనా ఆపించండి. మానాలనుకునేవాళ్లకు 14446 హెల్ప్‌లైన్ ఉంది.

ఇంటర్ ఫలితాల రోజును మాత్రం ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఊళ్లో పరీక్ష రాసిన పిల్లలెవరో మీకు తెలుసు, పాతిక ముప్ఫై మంది ఉంటారేమో. ఫలితాలు వచ్చిన గంటలో తప్పినవాళ్ల ఇళ్లకు టీచరో, పిల్లలకు ఇష్టమైన ఇంకెవరో వెళ్లాలి. చేతిలో సప్లిమెంటరీ ఫీజు గడువు రాసిన కాగితం ఉండాలి. పిల్లవాడితో కంటే ముందు వాళ్ల నాన్నతో మాట్లాడాలి. "ఈ రోజు ఒక్క మాట అనొద్దు బావా, తిట్టాలంటే వచ్చేవారం తిడుదువుగానీ." ఫీజు కట్టలేనివాళ్లుంటే అక్కడికక్కడే ఎవరో ఒకరు కట్టేయాలి. రీకౌంటింగ్ కావాలంటే దరఖాస్తు చేయించాలి. ఫలితాల రోజున ఏ పిల్లా ఒంటరిగా ఉండకూడదు. పాసైనా మార్కులు తగ్గాయని గదిలో తలుపేసుకునే పిల్లలను మర్చిపోవద్దు, వాళ్లింట్లో ఎవరికీ అనుమానం రాదు.

ఇన్ని చేసినా మళ్లీ ఒకటి జరగొచ్చు. జరిగితే ఫ్లెక్సీ వద్దు. వాట్సాప్‌లో ఆ ఇంటి ఫొటోలు, ఆ ఉత్తరం, ఎలా చేసుకున్నారన్న వివరాలు తిరగకుండా గ్రూపు అడ్మిన్‌లకు మీరే ఫోన్ చేయండి. వియన్నాలో మెట్రో దగ్గర ఆత్మహత్యల వార్తలను పత్రికలు సంచలనంగా రాయడం 1987లో తగ్గించుకున్నాక, అక్కడ ఆ మరణాలు బాగా తగ్గాయి. ఒకరిని చూసి ఒకరు అన్నది నిజం, వయసు పిల్లల్లో మరీ నిజం. ఆ కుటుంబానికి పెద్దకర్మ దాకా మనుషులుంటారు. మీ ముగ్గురి పని ఆ తర్వాత మొదలవుతుంది, పైన చెప్పిన తొమ్మిది పలకరింపుల వరసే ఆ ఇంటికీ వాడండి. రైతు కుటుంబమైతే పరిహారం ఇవ్వాలో లేదో తేల్చడానికి త్రిసభ్య కమిటీ విచారణకు వస్తుంది: ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయశాఖ సహాయ సంచాలకుడు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నాటి 421 జీవో నుంచి ఉన్న పద్ధతి ఇది. అప్పు కాగితాలు, సాగు చేసినట్టు రుజువులు లేక తిరస్కరించిన కేసులు చాలా. ఆ భార్య ఆ స్థితిలో కాగితాలు వెతుక్కోలేదు, మీరు వెతికించండి.

పాత గ్రంథాలయం గదికి "మానసిక సలహా కేంద్రం" అని బోర్డు పెడితే ఎవరూ గడప తొక్కరు. "నన్ను ఎర్రగడ్డకు పంపుతారా" అని అడిగే జనం మనవాళ్లు. ఆ గదిలో వారానికోరోజు బీపీ, షుగర్ చూడండి. నిద్ర పట్టని మనిషి, ఒంటినొప్పులని పదిసార్లు వచ్చే మనిషి అక్కడే బయటపడతారు. తాయెత్తు కట్టించుకున్నా, దర్గాకు వెళ్లొచ్చినా వద్దనకండి, డాక్టరు ఇచ్చిన మందు ఆపకుండా ఉంటే చాలు.

లెక్క విషయంలో తొందరపడొద్దు. 2022లో దేశంలో ఆత్మహత్యల రేటు లక్షకు 12.4. ఆ లెక్కన మూడు వేల మంది ఊళ్లో దాదాపు రెండు మూడేళ్లకు ఒకటి. మీకు ఏడాదిలో మూడు జరిగాయి కాబట్టి ఇది మామూలు కాదు. కానీ వచ్చే ఏడాది ఒక్కటీ జరగకపోతే అది మీ పని వల్లే అని గానీ, ఒకటి జరిగితే మీ పని వృథా అని గానీ చెప్పలేం, ఊరు మరీ చిన్నది. నోటుబుక్కులో చూసుకోవాల్సినవి వేరు: బతికి వచ్చినవాళ్లలో ఎంతమందికి మొదటి వారంలోనే పలకరింపు అందింది, ఎంతమంది డాక్టర్ని రెండోసారి కలిశారు, ఎన్ని కవర్లలో ఎన్ని కాగితాలు కదిలాయి.

మీది ఏ జిల్లానో రాయలేదు. జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుకు వెళ్లి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం చూసే అధికారి ఎవరో కనుక్కోండి. రెండు ప్రశ్నలు అడగండి: సైకియాట్రిస్ట్ మీకు దగ్గరలోని ఏ ఆస్పత్రికి, ఏ రోజున వస్తారు? మీ పీహెచ్‌సీలో దిగులు జబ్బు మందులు స్టాకు ఉన్నాయా? రెండో ప్రశ్నకు "ఉన్నాయి" అంటే ఆ మాట నమ్మి వచ్చేయకండి, ఫార్మసిస్టును కూడా అడగండి. జిల్లా పేరు ఇక్కడ రాస్తే, అక్కడ పనిచేసేవాళ్లు నాకు తెలిసినవాళ్లయితే ఎవరిని కలవాలో చెబుతాను.